లచ్చవ్వ లీక్ చేసిన పేపర్

అల్మాజ్ మా పై గదిలో దిగిన సాయంత్రం మా అమ్మమ్మ లచ్చవ్వ ఆమెను మూడు ప్రశ్నలు అడిగింది. అన్నం తిన్నవా? మీ నాయిన ఏం పని చేస్తడు? ఇంకా పెండ్లెందుకు కాలే? మూడూ మెట్ల మీదనే అయిపోయాయి. పాపం అల్మాజ్ రెండు చేతుల్లో రెండు సూట్‌కేసులు పట్టుకుని, ఏది దించాలో తెలియక నిలబడి ఉంది.

కింది మెట్టు మీద నేను నిలబడి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మూడో ప్రశ్నను కొంచెం మార్చి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాను. అమ్మమ్మ కనిపెట్టేసింది.

"నవతా, నేనడిగింది గట్ల కాదు. పెండ్లి మాట ఏది?"

"వచ్చే ఏడాది చెప్తదట."

"నువ్వు అడగనే లేదు, ఆమె చెప్పనే లేదు," అని అమ్మమ్మ తనే ఒక సూట్‌కేసు లాక్కుని పైకి నడిచింది.

అల్మాజ్‌ది ఇథియోపియా. అడిస్ అబాబాలో వాళ్లమ్మ బడిలో లెక్కలు చెబుతుంది. స్కాలర్‌షిప్ మీద ఇక్కడి క్యాంపస్‌కు వచ్చి పోషకాహారంలో పీజీ చదువుతోంది. మొదటి ఏడాది హాస్టల్లోనే ఉంది. హాస్టల్ గదిలో పొయ్యి పెట్టనివ్వరు. అన్నం లేకున్నా ఉండగలను గానీ మా ఊరి పద్ధతిలో కాచిన కాఫీ లేకుండా ఉండలేనంటూ, పొయ్యి ఉన్న గది వెతుక్కుంటూ తార్నాక మెట్రో వెనక మా సందులోకి వచ్చింది. మెట్రో పిల్లర్ పక్కన జిరాక్స్ షాపులో నేను పని చేస్తాను. టు-లెట్ కాగితం ప్రింట్ తీసిందీ నేనే, కరెంటు స్తంభానికి అంటించిందీ నేనే. కాబట్టి తర్వాత జరిగినదానికంతా మొదటి ముద్దాయిని నేను.

అల్మాజ్ దగ్గర నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి ఉండేది. మన దేశంలో తనకు వింతగా తోచినవన్నీ అందులో రాసుకునేది. సాయంత్రం నేను షాపు నుంచి రాగానే పిట్టగోడ మీద కూర్చుని ఇంగ్లీషులో చదివితే, అమ్మమ్మకు నేను తెలుగులో చెప్పేదాన్ని.

"రోడ్డు మీద కనబడ్డ ప్రతివాళ్లూ ఎక్కడికి పోతున్నవ్ అని అడుగుతారు. ఇవాళ నేను ఆగి, బస్సు నంబరుతో సహా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి అడిగినాయన సందు చివరికి చేరుకున్నాడు."

"షేర్ ఆటోలో ముగ్గురికి చోటుంది. ఏడుగురం ఎక్కాం. ఎనిమిదో ఆవిడ వచ్చి కోపంగా చూసింది. మాకే సిగ్గేసి జరిగాం."

"క్యాంపస్‌లో చెట్ల కింద, కల్వర్టుల మీద, కళ్లు మూసుకుని గట్టిగా ఏదో చదువుతూ అటూ ఇటూ నడిచేవాళ్లు కనబడతారు. మొదట ప్రార్థన అనుకున్నాను. గ్రూప్ టూ పరీక్ష అని తర్వాత తెలిసింది. పెద్ద తేడా లేదు."

"బస్సులో నా పక్కన కూర్చున్నామె హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా మాట్లాడి, దిగేముందు కూతురి పెళ్లి కార్డు ఇచ్చింది. వెళ్లాను. పెళ్లికొడుకు పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. అతని పేరు నాకింకా తెలియదు."

ఇది విని అమ్మమ్మ, "ఇంట్ల వింతేమున్నదే? పిలిస్తే పోరా?" అని నిజంగానే అడిగింది.

అల్మాజ్ వింతలు నోట్‌బుక్‌లో ఉండేవి. అల్మాజ్ గురించి అమ్మమ్మ వింతలు మాత్రం మంచినీళ్ల నల్లా దగ్గర పొద్దున ఆరున్నరకే సందంతా పాకేవి. ఆ పిల్ల అట్టు గొడుగంత పోస్తది. పోసి తిప్పదు. చల్లారినంక తింటది. ముప్పై ఒక్క ఏళ్లు లేడీస్ హాస్టల్ మెస్సులో రొట్టెలు కాల్చిన మనిషికి ఇది కళ్లెదుట జరిగే ఘోరం.

"తిప్పవేందే? రెండో దిక్కు ఎవరు కాలుస్తరు?"

"రెండో దిక్కు కాల్చొద్దు, ఎమామా." వాళ్ల దేశంలో పెద్దావిడను ఎమామ అంటారు. కొన్ని నెలల్లోనే అల్మాజ్‌కు అచ్చం అమ్మమ్మ తెలుగే వచ్చేసింది.

"కాల్చకుంటే పచ్చిగుంటది."

"మూత పెట్టిన కద."

"మూత పెడితే రొట్టెకు బుద్ధొస్తదా?" అని అమ్మమ్మ అట్లకాడ పట్టుకుని పొయ్యి పక్కనే తచ్చాడేది. అల్మాజ్ అటు తిరిగిందంటే తిప్పేస్తుందని నేను కాపలా కాసేదాన్ని.

కాఫీ సంగతి ఇంకా పెద్దది. ఆదివారం పొద్దున అల్మాజ్ పచ్చి గింజలు పెనం మీద వేయించేది. పొగ సందంతా కమ్ముకునేది. ఎదురింటి నుంచి శాంతమ్మ టీచర్ కేకేసేది: "ఏవండీ లచ్చవ్వ గారూ, మీ డాబా మీద ఏదో మాడిపోతోందండీ!" శాంతమ్మది తెనాలి వైపు. మిషన్ స్కూల్లో ముప్పై అయిదేళ్లు సైన్సు చెప్పి రిటైరైంది. మాడేది కాఫీ అని తెలిసిన తర్వాత కూడా ప్రతి ఆదివారం అలాగే కేకేసి, పిలిపించుకుని వచ్చి కూర్చునేది. గింజలు దంచి, నల్లటి మట్టి కూజాలో కాచి, చిన్న చిన్న కప్పుల్లో పోసి, అవే గింజల మీద మళ్లీ నీళ్లు పోసి రెండోసారి, మళ్లీ మూడోసారి. మూడు వాయిలూ తాగకుండా లేవకూడదట.

"ఒక్క కాఫీకి గంటన్నరనా? మా హాస్టల్ల మూడొందల మందికి ఇర్వై నిమిషాలల్ల పోసెటోళ్లం."

"ఎమామా, ఇది తాగనీకి కాదు. కూసోనీకి."

"కూసోనీకి కాఫీ ఎందుకే? కాళ్లు నొస్తే సాలదా?"

అంటూనే మూడో వాయి దాకా కూర్చునేది. లేచేటప్పుడు "పనంత ఆగమైంది" అనేది. ఆదివారం మా అమ్మమ్మకు పనేమీ లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఇక్కడ మా అమ్మమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమెకు అడగడమే వచ్చు, చెప్పడం రాదు. మెస్సులో ఏ పిల్ల పప్పు తినదు, ఏ పిల్ల ఇంటికి ఫోన్ చేసి ఏడ్చింది, ఎవరికి పరీక్షలప్పుడు కడుపులో మంట, అన్నీ అడిగి తెలుసుకునేది. ఎదుటివాళ్లు "నువ్వు తిన్నవా లచ్చవ్వా?" అంటే మాత్రం "ఆఁ, అయింది" అనేది. ఏమయింది, ఎప్పుడయింది, ఆ వివరాలు ఉండవు. మా అమ్మానాన్నలు అంబర్‌పేట్‌లో ఉంటారు. షాపు దగ్గరని నేను అమ్మమ్మ దగ్గరే ఉండిపోయి నాలుగేళ్లయింది. ఆమె మధ్యాహ్నం ఎన్నింటికి తింటుందో నాకు తెలియదు. అడిగితే నాకూ "అయింది" అనే చెప్పింది. అయిందనుకున్నాను.

క్యాంపస్‌ను కూడా ఆమె వెనక నుంచే ఎరుగును. ఏ హాస్టల్ వంటగది తలుపు ఎటుందో, పాల వ్యాను ఏ రోడ్డున ఎన్నింటికి వస్తుందో చెబుతుంది. ఫోటోలు దిగడానికి జనం వచ్చే పెద్ద పెద్ద మెట్లున్న కాలేజీలోకి ముందు నుంచి ఎప్పుడూ అడుగుపెట్టలేదు. "నాకేం పని గాడ?" అంటుంది.

ఏప్రిల్‌లో అల్మాజ్‌కు ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు వచ్చి పడింది. నలభై మంది ఆడవాళ్లను కలిసి పద్నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో ఆడవాళ్లు ఎన్నింటికి తింటారు, ఏం తింటారు, ఎవరి తర్వాత తింటారు, ఇవీ ప్రశ్నలు. ఫారం తెలుగులో మా షాపులోనే టైపయింది. నలభై ఫారాలూ చూసి గైడు సుప్రజ మేడం సరే అనాలి. అప్పుడే జూన్ పదిన జరిగే సెమినార్ జాబితాలో పేరెక్కుతుంది. జూన్ ఆఖరుతో స్కాలర్‌షిప్ ఖతం. పేరెక్కకపోతే డిగ్రీ లేకుండానే విమానం ఎక్కాలి. ఇదంతా అల్మాజ్ నవ్వుతూనే చెప్పింది గానీ ఆ వారం రెండుసార్లు కాఫీ గింజలు నిజంగానే మాడ్చింది.

"అంటే పరీక్షనేనా?" అని అమ్మమ్మ నన్నడిగింది.

"పరీక్ష లాంటిదే," అన్నాను.

ఆ ఒక్క మాట నేను అనకుండా ఉండాల్సింది.

తార్నాకలో ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ బోర్డే. గైడు కొనకుండా, మోడల్ పేపర్ రాయకుండా పరీక్షకు పోయే అమాయకులు మా దగ్గర ఉండరు. పైగా ఎవరైనా కాగితం, పెన్ను పట్టుకుని గడపలోకి వచ్చి ప్రశ్నలడిగితే, ఏం చెబితే మేలు జరుగుతుందో అది చెప్పడం మా సందులో ఆచారం. రేషన్ కార్డు వాళ్లు వచ్చినా, జనాభా లెక్కల వాళ్లు వచ్చినా అంతే. అమ్మమ్మ ఆలోచన కూడా ఆ లెక్కనే సాగింది.

"నలభై మందీ నోటికొచ్చింది చెప్తే పిల్ల ఫెయిలైతది. అందరు సక్కగ చెప్తే పాసైతది. గీ ఫారం నాకొకటి ఎక్కువ తియ్యి."

తీశాను. అది శాంతమ్మ టీచర్ చేతికి పోయింది. ముప్పై అయిదేళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? పద్నాలుగు ప్రశ్నలకూ ఎర్ర ఇంకుతో పద్నాలుగు జవాబులు రాసింది. దాన్ని నేను నలభై కాపీలు తీశాను. ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయినదాన్ని, ఒక్క దెబ్బకు నలభై మందిని పాస్ చేయిస్తున్నానని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

శాంతమ్మ వరండాలో రిహార్సల్ కూడా పెట్టారు. అల్మాజ్ పాత్ర మా అమ్మమ్మది. మూల ఇంటి కోడలు స్నేహలతను ముందు నిలబెట్టింది.

"నిన్న మొదటి పూట ఏం తిన్నవ్?"

"రాత్రి మిగిలిన అన్నంల..."

"ఏందీ?"

"ఇడ్లీలు, గ్లాసెడు పాలు, ఒక అరటిపండు."

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి. అందరితోని కలిసి."

"ప్రోటీన్ మర్చిపోకమ్మా," అని శాంతమ్మ అందించింది. "గుడ్డు తినని వాళ్లు పప్పు అనండి. ఆకుకూర అందరూ అనాలి."

"ఆఖరు ప్రశ్న. నీకిష్టమైంది నీ కోసమే వండుకొని ఎప్పుడు తిన్నవ్?"

"నిన్ననే."

"శభాష్ బిడ్డా!"

నాలుగు రోజుల్లో అల్మాజ్ నలభై మందినీ కలిసింది, మొదటి నంబరు అమ్మమ్మదే. ఆమెకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. తర్వాత చెప్పింది. ఇరవయ్యో ఇంటికే వచ్చిందట. కానీ పరాయి దేశంలో, కూర్చోబెట్టి చాయ్ ఇచ్చిన ఇంటావిడ ముఖం మీద నువ్వు చెప్పేది అబద్ధమనడం ఎలా? అందుకని అన్నీ రాసుకుని పోయి మేడం బల్ల మీద పెట్టింది.

సుప్రజ మేడం మొదటి ఫారం చదివి తలూపిందట. రెండోది చదివి కళ్లద్దాలు సర్దుకుందట. పదోదానికి నవ్విందట.

"అల్మాజ్, నాకు ఈ సందుకు మారిపోవాలని ఉంది. నలభై మందీ పొద్దున ఎనిమిదింటికే తిన్నారు. నలభై మందీ ఆకుకూర తిన్నారు. ఆ రోజు తార్నాకలో అరటిపండ్లు మిగిలాయా?"

అల్మాజ్ ఫారాలు చేతిలోకి తీసుకుని అంచులు సర్దింది.

"ఎనిమిది రోజులు టైమిస్తున్నాను. నిజం చెప్పిన ఫారాలు తీసుకురా. లేకపోతే జాబితాలో నీ పేరుండదు."

ఆ సాయంత్రం అల్మాజ్ వచ్చి మెట్ల మీద కూర్చుని ఇదంతా చెప్పింది. అమ్మమ్మ నా వైపు చూసింది. నేను శాంతమ్మ ఇంటి వైపు చూశాను. ఆఖరికి అమ్మమ్మే నోరు విప్పింది.

"తప్పు నాదే బిడ్డా. పేపర్ లీక్ చేసింది నేనే."

అల్మాజ్‌కు కోపం రావడం నేను అదే మొదటిసారి చూశాను. లేచి నిలబడింది. "ఎమామా, అది పరీక్ష కాదు! అందుల తప్పు జవాబు ఉండదు. మీరు ఏం తింటే అదే రైటు!"

"ఏం చెప్పినా రైటైతే గదేం పరీక్షనే?" అంది అమ్మమ్మ చిన్నగా. పొగరుతో కాదు, నిజంగానే అర్థం కాక.

మర్నాటి నుంచి అల్మాజ్ మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి తలుపులు తెరుచుకున్నాయి గానీ నోళ్లు తెరుచుకోలేదు. స్నేహలత వాకిట్లోకి వచ్చి గుసగుసగా అంది: "అక్కా, మొన్న పాలన్న, ఇయ్యాల ఉత్త చాయ్ అంటే మా అత్త ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?" ఇంకొకామె, మా జవాబులు మీ మేడంకు నచ్చలేదా అని నొచ్చుకుంది. శాంతమ్మ మరీ నొచ్చుకుంది. "అందులో తప్పేముందండీ? ఐరన్ కూడా పెట్టాను కదా!" మూడు రోజుల్లో మూడు ఫారాలు నిండాయి. అందులో ఒకటి నాది.

నాలుగో రోజు అల్మాజ్ సూట్‌కేసు కిందికి దించి తుడవడం అమ్మమ్మ చూసింది. ఆ పూట నన్ను షాపు మానిపించి, గోధుమల డబ్బా నా చేతికిచ్చి, తను సంచీ పట్టుకుని అల్మాజ్‌ను కేకేసింది.

"ఫారాలు తీస్కొని నడువు. గిర్నీకి పోదాం."

మా సందు చివర పిండి పట్టే గిర్నీ ఉంది. మూడు దాటాక ఆడవాళ్లంతా గోధుమలు, జొన్నలు, బియ్యం పట్టుకుని అక్కడికి చేరతారు. తమ డబ్బా వంతు వచ్చేదాకా మెట్ల మీద, తలకిందులు చేసిన డబ్బాల మీద కూర్చుంటారు. అక్కడికి అత్తలు రారు, పిండి దుమ్ముకు దగ్గొస్తుందని. మొగవాళ్లు అసలే రారు. గిర్నీ చప్పుడుకు పక్కవాళ్ల మాట పక్కవాళ్లకు వినబడదు. నిజం చెప్పడానికి తార్నాకలో ఇంతకంటే మంచి చోటు లేదన్నది అమ్మమ్మ లెక్క.

అయినా ఎవరూ ముందుకు రాలేదు. పన్నెండు మంది ఆడవాళ్లు పన్నెండు డబ్బాల వైపు చూస్తూ కూర్చున్నారు. అల్మాజ్ పెన్ను తీసి, ఎవరిని అడగాలో తెలియక నిలబడింది. అప్పుడు అమ్మమ్మ ఒక నూనె డబ్బా తిప్పేసి, దాని మీద కూర్చుంది.

"నన్నడుగు. నంబర్ ఒకటి వెయ్యి."

గిర్నీ హోరులో అల్మాజ్ అరిచి అడిగింది. అమ్మమ్మ అరిచి చెప్పింది. పేరు, వయసు, ఇంట్లో ఎంత మంది. నాలుగో ప్రశ్న: "నిన్న మొదటి పూట అన్నం ఎన్నింటికి తిన్నరు?"

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. గిర్నీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా అమ్మమ్మ గొంతు ఒక్కటే, గొంతు చించుకున్నంత గట్టిగా:

"మూడూ నలభైకీ!"

పన్నెండు తలలూ తిరిగాయి. గిర్నీ ఆయన కూడా తల బయటపెట్టి చూశాడు. అమ్మమ్మ ముఖం ఎర్రబడడం కూడా నాకు కొత్తే. ఇక "అయింది" అని లేచి వచ్చేస్తుందనుకున్నాను. అల్మాజ్ కూడా అదే అనుకున్నట్టుంది, పెన్ను దించింది.

"దించుతవేందే? రాయి," అంది అమ్మమ్మ.

"ఏం తిన్నరు?"

"పొద్దటి అన్నం. అడుగుది. గీ పోరి ఏరి పెట్టిన దొండకాయలు."

పోరి అంటే నేను. దొండకాయ నాకు పడదు, కంచం అంచున ఏరి పెట్టేస్తాను. అవి ఎటు పోతున్నాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. నేను నా డబ్బా మూత బిగించుకుంటూ కూర్చున్నాను.

"పగటీలి ఇంట్ల ఎవ్వరు ఉండరు కద ఎమామా. గంత లేటెందుకు?"

అమ్మమ్మ కొంచెం ఆలోచించింది. "హాస్టల్ల పిల్లలు తినేసరికి రెండున్నర. పెనాలు తోమేసరికి మూడున్నర. రిటైరై ఆరేండ్లైంది గాని, నా కడుపు ఇంక డ్యూటీకి పోతనే ఉన్నది."

ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మమ్మ కూడా నవ్వింది. అల్మాజ్ ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ ఆఖరి దానికి వచ్చింది.

"మీకు ఇష్టమైంది, మీ కోసమే వండుకొని, ఎప్పుడు తిన్నరు?"

ఈసారి చాలాసేపు ఆలోచించింది. ఈగలు వాలుతున్న పిండి జల్లెడ వైపు చూసింది. వేళ్లు మడిచి ఏదో లెక్కేసి, మళ్లీ విప్పేసింది.

"యాదికొస్తలేదు, అని రాసుకో."

"ఏది ఇష్టమో చెప్పరా పోనీ?" ఇది ఫారంలో లేదు. అల్మాజ్ ఊరికే అడిగింది.

"గది గూడ ఎంటనే యాదికొస్తలేదు బిడ్డా. మూడొందల మందికి ఏమేమి ఇష్టమో చెప్తా, రాసుకుంటవా?"

కాసేపటికి వెనక మెట్టు మీద నుంచి స్నేహలత గొంతు వినబడింది. "నాది నాలుగింటికి. రాసుకో అక్కా."

"గంతేనా?" అంది జొన్నల డబ్బా ఆమె. "నాది నాలుగున్నర. గది గూడ నిలబడి."

"నిలబడుడు గొప్పనా? నేను పొయ్యి తుడుసుకుంట తింట!"

"ఒక్కొక్కరు, ఒక్కొక్కరు!" అని అల్మాజ్ చేతులెత్తింది. "పోటీ కాదు ఇది! నిజం మాత్రమే!"

"నిజమే చెప్తున్నం రాసుకో!" అని పన్నెండు మందీ ఒక్కసారే అరిచారు. కరెంటు వచ్చి గిర్నీ మళ్లీ మొదలైనా ఎవరూ పట్టించుకోలేదు. గిర్నీ ఆయన, డబ్బాలు తీస్కపోండ్రమ్మా అని రెండుసార్లు మొత్తుకున్నాడు.

మరుసటి రోజు ఇంకా ఎక్కువ మంది వచ్చారు. కొందరి డబ్బాల్లో పట్టించడానికి ఏమీ లేదు కూడా. మూడో రోజు శాంతమ్మ పిడికెడు బియ్యం పట్టుకుని వచ్చి కూర్చుంది. "నేను మాత్రం ఎనిమిదింటికే తింటానమ్మా, నిజంగానే," అంది. ఎర్ర ఇంకు పెన్ను చేతిలో లేక ఏం చేయాలో తెలియనట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఆయన పోయినప్పటి నుంచి. అంతకు ముందు పదకొండు," అంది. అది నలభయ్యో ఫారం.

సోమవారం పొద్దున అల్మాజ్ ఫారాలు తీసుకుని పోయింది. ఆ పూట షాపులో నేను ఒకరి థీసిస్‌లో నాలుగు పేజీలు తలకిందులుగా బైండు చేశాను. మధ్యాహ్నం ఆమె ఫోను చేసి, ఇంట్లో ఉన్న పాత ఫారాలు పట్టుకుని వెంటనే డిపార్ట్‌మెంట్‌కు రమ్మంది. పరుగెత్తాను.

సుప్రజ మేడం రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. "వీటిని పారేయొద్దు," అంది పాత కట్ట మీద చెయ్యి వేసి. "ఏం తినాలో, ఎప్పుడు తినాలో వీళ్లందరికీ తెలుసని ఇది చెబుతోంది. ఏం తింటున్నారో అది చెబుతోంది. తెలియక కాదన్నమాట. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే నీ ప్రాజెక్టు, అల్మాజ్." అని జాబితాలో పేరు రాసింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. "చూసినవా? నేను లీక్ చెయ్యకుంటే పిల్లకు సగం పేపరే ఉంటుండె." వారం రోజులు నల్లా దగ్గర ఇదే పాట. శాంతమ్మ కూడా తన ఎర్ర ఇంకు జవాబుల కాగితం దాచిపెట్టుకుంది.

జూన్ పదిన సెమినార్‌కు అల్మాజ్ మమ్మల్ని పిలిచింది. అమ్మమ్మ మంచి చీర కట్టుకుంది. డిపార్ట్‌మెంట్ దగ్గర ఆటో దిగగానే అలవాటుగా వెనక వైపుకు నడవబోతే చెయ్యి పట్టి ముందు తలుపు వైపు లాగాను. రెండో వరుసలో కూర్చుంది, చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టుకుని. అల్మాజ్ ఇంగ్లీషులో గడగడా మాట్లాడింది. ఎవరెవరో ప్రశ్నలడిగారు. అన్నింటికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. సుప్రజ మేడం ముందు బల్ల మీద ప్రాజెక్టు పాసైన కాగితం పెట్టుకుని సంతకం చేస్తోంది, పక్కాయన కూడా చేస్తున్నాడు.

తెర మీద ఆఖరి పట్టిక అలాగే ఉండిపోయింది. పేర్లు లేవు, వరుస నంబర్లే. ఒక పక్క పాత ఫారాల టైము, నిలువునా నలభై సార్లు ఎనిమిది. ఇంకో పక్క కొత్త ఫారాల టైము, ఏ అంకెకు ఆ అంకె వేరే. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు గానీ, ముప్పై ఒక్క ఏళ్లు రొట్టెలు లెక్కపెట్టిన మనిషి, అంకెలు వచ్చు.

నా చెవి దగ్గరకు వంగింది. "గా మొదటామె ఎవరే? పక్కన మూడు నలభై అని ఉన్నది."

ఎగతాళికి అడుగుతోందేమో అని ముఖం చూశాను. కాదు.

"పాపం," అంది. "ఇంట్ల అడిగెటోళ్లు లేరా ఆమెకు?"

"నువ్వే, అమ్మమ్మా."

మళ్లీ తెర వైపు చూసింది. ముందు ఎనిమిది చూసింది, తర్వాత మూడు నలభై చూసింది. బల్ల దగ్గర రెండో సంతకం కూడా అయిపోయింది. అల్మాజ్ కాగితం చేత్తో పట్టుకుని మా వైపు తిరిగి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. అమ్మమ్మ నా చెయ్యి లాగి, మణికట్టు తిప్పి, నా వాచీలో టైము చూసింది. పన్నెండు ఇరవై.

"క్యాంటీన్ తెరిసిండ్రా?"

"తెరిచే ఉంటది."

"అయితే లెవ్వు," అని కుర్చీ కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ అంది. "పిల్లను గూడ తోల్కరా. ముందుగాల నాకు పెట్టియ్యి. మీరిద్దరు తర్వాత తినుండ్రి."